బెంగళూరు ఇంట్లో బాల్ పైథాన్‌ని పెంచాలంటే

పామును పెంచుకోవాలనుంది, ఎక్కడ దొరుకుతుంది, ఎంత అవుతుంది అని అడిగేవాళ్లని నేను తిరిగి ఒకటే అడుగుతాను: జనవరిలో తెల్లవారుజామున నాలుగు గంటలకి మీ ఇంట్లో టెంపరేచర్ ఎంత ఉంటుంది? చాలామంది చెప్పలేరు. బెంగళూరులో ఆ వేళకి బయట 15, 16 డిగ్రీలకి దిగిపోతుంది, మనమైతే దుప్పటి ఇంకాస్త పైకి లాక్కుని పడుకుంటాం, పాముకి ఆ వీలు లేదు. మనకిలా దాని ఒంట్లో వేడి పుట్టదు, చుట్టూ ఎంత ఉంటే దానికీ అంతే. చలి ఎక్కువైతే తిన్నది అరగదు, కక్కేస్తుంది, ఊపిరితిత్తులకి జబ్బు పట్టుకుంటుంది. పామును చూసుకోవడంలో సగం పని వేడి చూసుకోవడమే, అందుకే పాము ఇంటికి రావడానికి కనీసం రెండు వారాల ముందే బాక్సు సిద్ధమై, అందులో వేడి రాత్రీపగలూ నిలకడగా ఉందని మీ కళ్లతో మీరు చూసి ఉండాలి.

మేం రామమూర్తినగర్‌లో ఉంటాం, నేను, నా భార్య, ఆరేళ్ల పాప. మాతో నాలుగేళ్లుగా ఒక ఆడ బాల్ పైథాన్ ఉంది, పేరు లడ్డు, పాప పెట్టిన పేరే. భయపడితే తలని మధ్యలో దాచుకుని ఉండలా చుట్టుకుపోతుంది ఈ జాతి, ఇంగ్లీషు పేరు కూడా అందుకే వచ్చింది. ఇదొక చిన్న కొండచిలువ జాతి, దీని సొంత ఊరు పశ్చిమ, మధ్య ఆఫ్రికా. విషం లేదు. ఆడది నాలుగైదు అడుగులు పెరుగుతుంది, మగది ఇంకాస్త చిన్నది.

ముందు చట్టం సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు చేస్తే మీరూ ఇబ్బంది పడతారు, పామూ పడుతుంది. మన దేశపు పాము ఏదైనా సరే, పట్టుకుని ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పొలంలో దొరికిన కొండచిలువ పిల్ల, మిద్దె మీదికొచ్చిన జెర్రిపోతు, అదృష్టం తెస్తుందని ఎవడో అంటగట్టే రెండు తలల పాము, ఏదీ వద్దు. కొండచిలువ ఆ చట్టంలో గట్టి రక్షణ ఇచ్చే జాబితా, షెడ్యూల్ 1లో ఉంది, దాన్ని ఇంట్లో పెట్టుకుంటే తక్కువలో తక్కువ మూడేళ్ల జైలు, ఏడేళ్ల దాకా పడొచ్చు. రెండు తలల పాము గురించి ప్రచారంలో ఉన్నదంతా అబద్ధం, దాని తోక మొద్దుగా ఉండి తలలా కనిపిస్తుందంతే, ఆ అబద్ధం కోసం వాటిని గోతాల్లో కుక్కి ఊళ్లు మారుస్తుంటే చూడలేం.

విదేశీ జాతుల లెక్క వేరు. కొండచిలువల జాతులన్నీ సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉన్నాయి, బాల్ పైథాన్ కూడా. 2022లో మన చట్టాన్ని సవరించి ఆ జాబితాని షెడ్యూల్ 4గా చేర్చారు, 2024 ఫిబ్రవరిలో రిజిస్ట్రేషన్ నియమాలు వచ్చాయి. ఇప్పుడు ఇలాంటి జీవి మీ దగ్గర ఉంటే కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి, పిల్లలు పుట్టినా, అది చనిపోయినా, ఇంకొకరికి ఇచ్చినా అక్కడ తెలియజేయాలి. లడ్డు ముందు మా ఫ్రెండ్ దగ్గర ఉండేది. 2020లో కేంద్రం ఇలాంటి జీవులున్నవాళ్లు తమంతట తాము వివరాలు ఇవ్వమన్నప్పుడు అతను ఇచ్చాడు, దేశం వదిలి వెళ్తూ ఆ కాగితాలతో సహా మాకు అప్పగించాడు, తర్వాత మా పేరున నమోదు చేయించాం. కాబట్టి కొనేటప్పుడైనా, ఊరికే తీసుకునేటప్పుడైనా అమ్మేవాడి పేరున రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. 'పేపర్లు తర్వాత చూసుకుందాం సార్' అన్నాడంటే అక్కడినుంచి వచ్చేయండి. బ్యాంకాక్ నుంచి సూట్‌కేసుల్లో, సాక్సుల్లో చుట్టి తెచ్చిన పాములు చెన్నై, బెంగళూరు ఎయిర్‌పోర్టుల్లో ఎన్నిసార్లు దొరికాయో పేపర్లలో చదువుతూనే ఉన్నాం. 2023 ఆగస్టులో బెంగళూరు ఎయిర్‌పోర్టులో ఒకే ప్రయాణికుడి సామాన్లలో 234 జీవులు దొరికాయి, వాటిలో ఒక కంగారూ పిల్ల ఊపిరాడక చనిపోయి ఉంది. మీకు చవగ్గా వస్తున్న పాము అలాంటి పెట్టెలోంచి వచ్చిందే కావచ్చు.

కార్న్ స్నేక్ అనే విషంలేని అమెరికా పాము సైటిస్ జాబితాలో లేదు, మొదటిసారి పెంచేవాళ్లకి బాల్ పైథాన్ కంటే కూడా అదే సులువు, చలికి కొంచెం తట్టుకుంటుంది, తిండి దగ్గర మొండికెయ్యదు. కానీ దానికైనా ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే బిల్లు ఉండాల్సిందే. విషమున్న విదేశీ పాముల జోలికి మాత్రం ఎంత అనుభవం ఉన్నా వెళ్లకండి. మన ఆసుపత్రుల్లో ఉండే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర, ఈ నాలుగింటి విషానికే తయారైనది.

ఇక బాక్సు. పెద్ద పాముకి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉంటే బాగుంటుంది. మేం కార్పెంటర్‌తో ప్లైవుడ్‌తో చేయించి ముందు జరిపే గాజు తలుపులు పెట్టించాం, గాజు తొట్టి కంటే చెక్కలో వేడి నిలుస్తుంది. చెక్కకి వేసిన వార్నిష్ వాసన పూర్తిగా పోయేదాకా, అంటే మూడు నాలుగు వారాలు, ఖాళీగా ఉంచండి. తలుపుకి తాళం ఉండాలి, ఎందుకో కింద చెప్తాను. ఒక పక్క వేడి, ఇంకో పక్క చల్లన, ఇదే అసలు సూత్రం, పాము తనకి కావలసినప్పుడు అటూ ఇటూ జరిగి ఒళ్లు వేడి చేసుకుంటుంది, చల్లార్చుకుంటుంది. వేడి పక్క 31 నుంచి 33 డిగ్రీలు, చల్లటి పక్క 25, 26. రాత్రిపూట ఏ మూలా 23కి తగ్గకుండా చూడండి. రెండు పక్కలా దూరేందుకు ఒక్కో గూడు పెట్టాలి, చుట్టుకుంటే ఒళ్లు నాలుగు వైపులా తగిలేంత ఇరుకుగా. చిన్న మట్టికుండని పక్కకి పడుకోబెట్టినా సరిపోతుంది, అంచులు గరుకుగా ఉంటే ఉప్పుకాగితంతో రుద్దండి. ఒకే గూడు పెడితే ఏమవుతుందంటే, దానికి వేడి కావాలా, దాక్కోవడం కావాలా అని రెండింట్లో ఒకటి వదులుకోవాల్సి వస్తుంది, పాము ఎప్పుడూ దాక్కోవడమే ఎంచుకుంటుంది, చలికి వణికే తీరు కూడా దానికి లేదు కాబట్టి మీకు తెలియనే తెలియదు.

హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే చాప) కానీ, సిరామిక్ బల్బు (వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చేది) కానీ, ఏది పెట్టినా థర్మోస్టాట్, అంటే మనం పెట్టిన వేడికి చేరగానే కరెంటు ఆపేసే పరికరం, లేకుండా ప్లగ్గులో పెట్టొద్దు. ఈ ఒక్క మాట దగ్గర నేను ఎవరితోనూ సర్దుకోను. థర్మోస్టాట్ లేని మ్యాట్ 45, 50 డిగ్రీలకి ఎక్కేస్తుంది, పాము కాలుతున్నా దాని మీదే పడుకుని ఉంటుంది, పొట్ట కింద పొలుసులు ఎర్రగా ఉబ్బి ఊడిపోయాక గానీ మనం చూడం. బల్బు లోపల పెడితే దాని చుట్టూ జాలీ ఉండాలి. లోపల వేడయ్యే రాళ్లని అమ్ముతారు, అవి అస్సలు కొనొద్దు. బాక్సు గోడకి అంటించే గుండ్రటి ముల్లు మీటర్లు తప్పు చూపిస్తాయి, డిజిటల్‌వి రెండు తీసుకుని రెండు పక్కలా పెట్టండి, తేమ కూడా చూపించేవి అయితే మంచిది. తేమ 55 నుంచి 70 శాతం మధ్య ఉండాలి. కింద పరవడానికి కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొడి, వాడుతున్నాం, నర్సరీల్లో ఇటుకల్లా అమ్ముతారు, ఎరువు కలపనిది అడిగి తీసుకోండి, నానబెట్టి పిండి ఆరబెట్టి మూడంగుళాలు పరిస్తే తేమ దానంతటదే నిలుస్తుంది. దేవదారు, పైన్ చెక్క పొట్టు వద్దు, వాటి ఘాటు పాముకి పడదు.

కరెంటు పోతే? మాకు ఇన్వర్టర్ ఉంది, అయినా ఒక డిసెంబరు రాత్రి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి తెల్లారేదాకా కరెంటు రాలేదు, రాత్రి రెండు గంటలకి ఇన్వర్టర్ కూడా ఆగిపోయింది. అప్పుడు చేసింది ఇది: లడ్డుని దిండుగలేబులో వేసి మూతి ముడివేసి, థర్మాకోల్ డబ్బాలో పెట్టి, పక్కన గోరువెచ్చని నీళ్ల సీసాలు రెండు తువ్వాల్లో చుట్టి పెట్టాం. డబ్బాకి గాలి రంధ్రాలు ముందే చేసి ఉంచుకున్నాం. గంటకోసారి నీళ్లు మార్చాం. ఆ డబ్బా ఇప్పటికీ బీరువా పైనే ఉంటుంది.

చెన్నైలో ఉండేవాళ్లకి కథ తలకిందులు. వేళచ్చేరిలో మా బావమరిది ఒక కార్న్ స్నేక్‌ని పెంచుతున్నాడు, మేనెలలో వాడి టెన్షన్ అంతా బాక్సుని చల్లగా ఉంచడం గురించే. 35 డిగ్రీలు దాటి గంటల తరబడి ఉంటే పాము చనిపోతుంది, చెన్నైలో ఫ్యాను కింద గది అంత వేడెక్కడం మామూలే. మేడ మీద చివరి అంతస్తు అయితే పాముకి ఏసీ ఉన్న గది ఇవ్వాల్సిందే, హీట్ మ్యాట్ ఆ నెలల్లో పీకేయాల్సిందే, నీళ్ల తొట్టి పాము మొత్తం మునిగేంత పెద్దది పెట్టాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలప్పుడు బాక్సులో బూజు పట్టకుండా చూడాలి, తడి ఎక్కువైతే పొట్ట పొలుసులు కుళ్లుతాయి.

తిండి దగ్గరికొద్దాం, ఎక్కువమంది మనసు మార్చుకునేది ఇక్కడే, మార్చుకోవలసినవాళ్లు ముందే మార్చుకుంటే మంచిది. పాము శాకాహారి కాదు, దానికి ఎలుకలు కావాలి, ఆ ఎలుకలు మీ ఫ్రీజర్‌లో ఉంటాయి. మేం వేరే చిన్న ఫ్రీజర్ కొన్నాం, ఇంట్లో పెద్దవాళ్లుంటే అదే మేలు. పెంపకంలో పుట్టి, ఫ్రీజ్ చేసిన తెల్ల ఎలుకలే పెట్టండి. అవి నిలకడగా ఎవరు ఇస్తారో కనుక్కున్నాకే పామును తెచ్చుకోండి, పాము వచ్చాక వెతుక్కోవద్దు. బోనులో పడిన ఇంటి ఎలుకని ఎప్పటికీ పెట్టొద్దు, పక్కింట్లో ఎలుకల మందు తిని ఉండొచ్చు, పురుగులు ఉండొచ్చు. బతికున్న ఎలుకని లోపల వదలడం కూడా వద్దు, మూల చిక్కిన ఎలుక పామునే కొరికి గాయం చేస్తుంది, ఎలుకకీ అది క్రూరమైన చావు.

పాము ఒళ్లు ఎక్కడ అన్నిటికంటే లావుగా ఉందో, ఎలుక అంత లావుండాలి. పిల్ల పాముకి వారానికోసారి, పెద్దదానికి రెండు మూడు వారాలకోసారి చాలు. లడ్డు బరువు 1,640 గ్రాములు, మూడు వారాలకొక ఎలుక, 90 గ్రాములది. ముందు రాత్రి ఎలుకని ఫ్రీజర్‌లోంచి తీసి ఫ్రిజ్‌లో పెడతాం, మర్నాడు సాయంత్రం జిప్ కవర్లో పెట్టి వేడినీళ్లలో ఉంచుతాం, మైక్రోవేవ్ వద్దు, లోపల ఉడికి పొట్ట పగులుతుంది. పెట్టేముందు ఎలుక తల వైపు ఒంటి వేడి కంటే కొంచెం ఎక్కువ, 38 నుంచి 40 ఉండాలి, ఎందుకంటే బాల్ పైథాన్ పైపెదవి మీద వరసగా చిన్న గుంటలుంటాయి, వాటితో అది వేడిని చూస్తుంది. లైటు తగ్గించి, పొడుగు పట్టకారుతో ఎలుకని గూడు ముందు మెల్లగా కదపాలి. ముందు నాలుక బయటికొచ్చి ఆడుతుంది, తర్వాత ఆ ఆడటం నెమ్మదిస్తుంది, మెడ ఎస్ ఆకారంలో వెనక్కి ముడుచుకుంటుంది, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంటుంది, రెప్పపాటులో ఎలుక మూడు చుట్ల మధ్య ఉంటుంది. నాలుగేళ్లయినా మా పాప ఆ క్షణం ఊపిరి బిగబట్టి చూస్తుంది. తిన్నాక రెండు రోజులు ముట్టుకోవద్దు, ముట్టుకుంటే కక్కేస్తుంది.

బాల్ పైథాన్ చలికాలంలో తిండి మానేస్తుంది, ఇది ముందే తెలుసుకోండి. పోయిన ఏడాది లడ్డు నవంబరు నుంచి ఫిబ్రవరి చివరిదాకా ముట్టలేదు. నా భార్య రోజూ అడిగేది, డాక్టరుకి చూపిద్దామా అని. వంటింటి తక్కెడ మీద వారానికోసారి తూచి పుస్తకంలో రాశాం, నాలుగు నెలల్లో తగ్గింది 50 గ్రాములే, చురుగ్గానే ఉంది, అందుకని ఆగాం. బరువు పదో వంతు తగ్గితే మాత్రం ఆగకూడదు. ఆ పుస్తకం లేకపోతే అది పస్తు ఉందో, జబ్బు పడిందో మాకు తెలిసేది కాదు.

మా అమ్మ మదనపల్లె నుంచి వచ్చినప్పుడు మొదటి రెండు రోజులు హాల్లోకే రాలేదు. 'సుబ్రహ్మణ్యేశ్వర స్వామినిరా, పెట్టెలో పెట్టుకుంటారా ఎవరైనా' అంది. మూడో రోజు గాజు దగ్గర కూర్చుని చాలాసేపు చూసి, 'గిన్నెలో పాలు పోయరా దానికి' అంది. ఇక్కడ కన్నడవాళ్లు శ్రావణంలో నాగర పంచమికి పోస్తారు, మనవాళ్లు దీపావళి వెళ్లాక నాగుల చవితికి పుట్టలో పోస్తారు, భక్తి భక్తే, కానీ పాముకి పాలు అరగవు, దాహం మీదున్న పాము ఏది దొరికితే అది తాగుతుంది కాబట్టి తాగినట్టు కనిపిస్తుంది. అమ్మకి ఇదే చెప్పాను, నీళ్ల గిన్నె కడిగి మంచినీళ్లు మార్చమన్నాను. ఉన్నన్నాళ్లూ రోజూ పొద్దున ఆ పని ఆవిడే చేసింది.

పాము కొత్తగా ఇంటికొచ్చాక రెండు వారాలు చెయ్యి పెట్టొద్దు, ఒకసారి తిన్నాకే ఎత్తుకోండి. పైనుంచి చెయ్యి దించితే గద్ద అనుకుంటుంది, పక్కనుంచి మెల్లగా, ఒళ్లు మొత్తానికి ఆసరా ఇచ్చి ఎత్తాలి, వారానికి రెండుసార్లు, పావుగంట, చాలు. అది మనల్ని ప్రేమించదు, మన వాసనకి అలవాటు పడి భయపడటం మానేస్తుంది, నాకు ఆ నమ్మకమే గొప్పగా అనిపిస్తుంది. కరిస్తే చెయ్యి లాగొద్దు, పళ్లు లోపలికి వంగి ఉంటాయి, లాగితే మీ చర్మం చీలుతుంది, దాని పళ్లు విరుగుతాయి. చల్లనీళ్ల కింద పెడితే వదిలేస్తుంది. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి, కడుపు జబ్బు తెచ్చే సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉంటుంది. ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు ముట్టుకోకపోవడమే మంచిది. మా పాపకి ఐదు నిండాకే తాకనిచ్చాం.

కుబుసం విడిచే ముందు కళ్లు పాలు కలిపినట్టు నీలంగా మసకబారతాయి, పొట్ట గులాబీ రంగు తేలుతుంది. అప్పుడు తిండి పెట్టొద్దు, ఎత్తొద్దు, తేమ 70 దగ్గర ఉంచండి. అన్నీ సరిగ్గా ఉంటే కుబుసం చొక్కా చెయ్యి తిరగేసినట్టు ఒకే ముక్కగా వస్తుంది. పాముకి కంటిరెప్పలుండవు, కళ్ల మీద పారదర్శకమైన పొలుసు ఉంటుంది, అది కూడా కుబుసంతో రావాలి. పాప ఆ తల భాగాన్ని కిటికీ వెలుతురుకి పట్టుకుని రెండు గుండ్రటి అద్దాలూ ఉన్నాయో లేదో చూస్తుంది. ముక్కలుగా వస్తే తేమ తక్కువైందని అర్థం, గోళ్లతో పీకకండి, తడి నాచు కానీ తడి గుడ్డ కానీ ఉన్న డబ్బాలో కొన్ని గంటలు ఉంచితే అదే ఊడుతుంది. కంటి పొలుసు ఉండిపోతే మాత్రం డాక్టరే చూడాలి.

తాళం సంగతి అన్నాను కదా. రెండేళ్ల క్రితం నేనే తలుపు పూర్తిగా జరపకుండా పడుకున్నాను, పొద్దున బాక్సు ఖాళీ. ఆ ఐదు రోజులు ఇంట్లో ఎవరం సరిగ్గా నిద్రపోలేదు. మొదట చేసింది, వీధి తలుపు కింద, బాత్రూం జాలీల దగ్గర తడి తువ్వాళ్లు కుక్కడం. రెండోది, ఓనరమ్మకి, పక్కింటివాళ్లకి నేనే వెళ్లి చెప్పడం. చెప్పడానికి కాళ్లు రాలేదు, కానీ చెప్పకపోతే ఎవరైనా చూసి భయంతో కర్రతో కొట్టేస్తారు, ఆ తప్పు నాదవుతుంది. ఫోటో చూపించి, విషం లేదని చెప్పి, కనిపిస్తే ఏ రాత్రయినా ఫోన్ చేయమన్నాను. తర్వాత ప్రతి గది గడప దగ్గరా బియ్యప్పిండి పలచగా చల్లి పడుకున్నాం. నాలుగో పొద్దున వంటింటి గడప మీద పిండిలో మూడు వేళ్ల వెడల్పున ఒక చార, స్టోర్‌రూం వైపు వెళ్లింది. ఐదో రోజు ఇన్వర్టర్ వెనక, గోడకీ దానికీ మధ్య వెచ్చటి సందులో ఉండలా చుట్టుకుని ఉంది. పోయిన పాము వెచ్చగా, చీకటిగా, ఇరుకుగా ఉన్నచోటే ఉంటుంది, ఫ్రిజ్ వెనక, వాషింగ్ మెషిన్ కింద, సోఫా అడుగున, ముందు అవే వెతకండి.

పాములను చూసే డాక్టరు ఊళ్లో ఎవరో ముందే కనుక్కుని ఒకసారి వెళ్లి రండి. లడ్డుకి జలుబులా వచ్చినప్పుడు మేం మొదట వెళ్లిన క్లినిక్‌లో పాము అనగానే లోపలికే రానివ్వలేదు, గంటన్నర ట్రాఫిక్‌లో ఇంకోచోటికి వెళ్లాం. ముక్కు దగ్గర బుడగలు, ఊపిరిలో గుర్రుమనే చప్పుడు, నోరు తెరిచి ఊపిరి తీయడం, తల ఎత్తి పట్టుకోవడం కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగొద్దు. నీళ్ల తొట్టిలో ఆవగింజ కంటే చిన్న నల్లటి చుక్కలు తేలుతుంటే అవి పురుగులు, పాము ఒంటి మీద కళ్ల చుట్టూ చూడండి. కొనేముందు స్పైడర్ అనే రంగు రకాన్ని చూపిస్తే వద్దనండి, ఎంత అందంగా ఉన్నా ఆ జన్యువుతో పాటే తల వణికే జబ్బు కూడా వస్తుంది.

ఇంకొకటి, వయసు. బాల్ పైథాన్ ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుతుంది. అమెరికాలో సెయింట్ లూయిస్ జూకి ఒకటి 1961లో వచ్చింది, అది 2020లో అరవై దాటిన వయసులో గుడ్లు పెట్టింది. ఉద్యోగం మారి, ఊరు మారి, ఇల్లు మారి, పెళ్లయి పిల్లలు పుట్టినా ఇది మీతోనే ఉండాలి, అద్దె ఇల్లయితే ఓనరుకి ముందే చెప్పి ఒప్పించుకోండి. ఎప్పుడైనా ఇక పెంచలేమనిపిస్తే తురహళ్లి అడవిలోనో చెరువు గట్టునో వదిలేయకండి, అది ఇక్కడి జీవి కాదు, అయితే ఆకలితోనో చలికో చస్తుంది, లేదా ఇక్కడి పాములకి కొత్త రోగం అంటిస్తుంది. ఫ్లోరిడాలో వదిలేసిన బర్మీస్ కొండచిలువలు అక్కడి అడవి జంతువులని తినేస్తుంటే ఇప్పటికీ ఆపలేకపోతున్నారు. రిజిస్ట్రేషన్ మార్పించి తెలిసినవాళ్లకి ఇవ్వండి, ఎవరూ లేకపోతే అటవీశాఖకి ఫోన్ చేసి అప్పగించండి. ఇచ్చేటప్పుడు బాక్సు, థర్మోస్టాట్, చివరిసారి ఎప్పుడు తిన్నదో రాసిన బరువు పుస్తకం కూడా దాంతోపాటు ఇవ్వండి.